పందుల లైట్లూ, పక్క గెలాక్సీ

ఇరవయ్యేళ్లకు పైగా నేను ఆకాశం కేసి చూస్తూనే బతికాను, కానీ ఎప్పుడూ దక్షిణం వైపే. గుడివాడలో టీవీలకి డిష్‌లు బిగించే పని నాది. బొమ్మలు పంపే ఉపగ్రహం మన ఊళ్ల నుంచి చూస్తే దాదాపు దక్షిణాన ఉంటుంది. డాబా ఎక్కడం, దక్షిణానికి తిరగడం, కొబ్బరి మట్ట అడ్డమొస్తే ఇంటాయనతో వాదించడం, సిగ్నల్ దొరకగానే బోల్టులు బిగించి దిగిపోవడం. ఉత్తరం వైపు కూడా ఆకాశం ఉంటుందన్న సంగతి వ్యాపారరీత్యా నాకెప్పుడూ అవసరం పడలేదు.

చదువు సంగతి అడక్కండి. తొమ్మిదో తరగతి మధ్యలో నేను బడినీ బడి నన్నూ వదిలేశాం. ఎవరు ముందు వదిలారన్న దాని మీద మా ఇంట్లో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి.

ఈ మధ్య జనం టీవీని ఫోనులో పెట్టుకుని మంచం మీద పడుకుని చూస్తున్నారు. డిష్ బిగించమని పిలిచేవాళ్ల కంటే, దాన్ని విప్పి పట్టుకుపొమ్మని పిలిచేవాళ్లే ఎక్కువయ్యారు. విప్పి తెచ్చినవన్నీ మా షెడ్డులో ఒకదాని మీద ఒకటి బోర్లించి పెట్టాను, భోజనాలయ్యాక కడిగి పెట్టిన గంగాళాల్లాగా. పని తగ్గాక సాయంత్రాలు ఖాళీ. ఒకరోజు నేనూ అందరిలాగే మంచం మీద పడుకుని ఫోను చూస్తుంటే, ఎవరో ఒకాయన తన డాబా మీద నుంచి గెలాక్సీ ఫోటో తీస్తున్నాడు. నేను గెలాక్సీని చూడలేదు, ఆయన సామాను చూశాను. స్టాండు, బోల్టులు, కేబులు, బ్యాటరీ, డాబా. అన్నీ నావే! మధ్యలో ఉన్న గొట్టం ఒక్కటే కొత్త.

ఆ గొట్టం, దాని కింద మోటారు స్టాండు, వెనక తగిలించే కెమెరా కలిపి ఎంత పెట్టి కొన్నానో మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఇది చదివి తెలుసుకుంటుందేమోనని ఇక్కడ కూడా అంకె వెయ్యడం లేదు. పార్సిలు వచ్చిన రోజు తనే సంతకం పెట్టి తీసుకుంది.

"ఏవండీ, ఇది మళ్లీ డిష్షేనా?"

"కాదే, టెలిస్కోపు."

"దీంట్లో ఏం వస్తుంది?"

"పాతిక లక్షల ఏళ్ల కిందట బయలుదేరిన వెలుగు వస్తుంది."

"అయితే నేను చూసేసిన ఎపిసోడే అయ్యుంటుంది," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి డాబా మీద నేను చేసిన పొరపాటు, నా పని చేసేవాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. మా గురువు నాకు మొదటిరోజు నేర్పిన పాఠం ఒకటే: దొరికిందా, బిగించెయ్యి. ఉపగ్రహం ఉన్నచోటే ఉంటుంది, మన డిష్ కూడా ఉన్నచోటే ఉండాలి. గాలివాన వచ్చి ఇల్లు కదిలినా డిష్ కదలకూడదు. ఆ భక్తితో నేను మోటారు స్టాండుకి కనపడ్డ ప్రతి మరనీ స్పానరు పెట్టి బిగించేశాను. చుక్కలు తూర్పు నుంచి పడమటికి నడుస్తాయి, వాటితోపాటు గొట్టాన్ని మెల్లగా తిప్పడానికే ఆ మోటారు ఉందన్న ముక్క చేతులకి తట్టలేదు. పాపం, ఆ మోటారు లోపల మూలుగుతూనే ఉంది. కొత్తది కదా, అలాగే ఉంటుందనుకున్నాను. ఫోటోలో చుక్కలన్నీ సాగిపోయి వచ్చాయి. మా ఆవిడ ఫోను తీసుకుని చూసి, "సేమియా బానే ఉడికింది" అంది.

మరలు వదులు చేశాక చుక్కలు చుక్కల్లాగా వచ్చాయి. అప్పుడింకో ఇబ్బంది. మా వీధి చివర ఫంక్షన్ హాలు ఉంది, దాని గోడకి పెళ్లిళ్లున్నా లేకపోయినా పెద్ద లైట్లు వెలుగుతుంటాయి. గెలాక్సీ అంటే పొగలాంటి వెలుగు. పక్కన ఇంకో వెలుగుంటే సిగ్గుపడి దాక్కుంటుంది. చీకటి కోసం బందరు వెళ్లి, గిలకలదిండి దాటి సముద్రం వైపు స్టాండు పెట్టి చూశాను. రేవులో బోట్ల లైట్లు, ఐసు ఫ్యాక్టరీ లైట్లు, పైగా అద్దం మీద ఉప్పు పొర. ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటికెళ్తున్న ఒక చేపలావిడ ఆగి, "అబ్బాయా, దీంతో చేపలెక్కడున్నాయో తెలుస్తుందా?" అనడిగింది. తెలియదన్నాను. "మరెందుకు నాయనా చలిలో" అని జాలిపడి వెళ్లిపోయింది.

చీకటంటే దివిసీమలో మా అక్కావాళ్ల పొలమే. జనవరి అమావాస్య ముందు బండికి వెనక పెట్టె కట్టుకుని బయలుదేరాను. పామర్రు దాటి కూచిపూడిలో టీ తాగడానికి ఆగితే, కొట్టాయన పెట్టె వంక చూసి, "మృదంగమా అండీ?" అన్నాడు. అవునన్నాను. వివరించి చెప్పడం కంటే అదే తేలిక. టీకి డబ్బులు కూడా తీసుకోలేదు ఆయన, కళాకారుణ్ణి కదా.

మా బావ, అంటే అక్క మొగుడు, పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు. నవ్వాలంటే ముందు ఆలోచిస్తాడు. నేను చెప్పిన జోకుకి మర్నాడు మధ్యాహ్నం నవ్విన సందర్భాలున్నాయి. ఆ ఏడాది ఆయనకి అసలు నవ్వే పరిస్థితి లేదు. కోతకొచ్చిన వరి గాలివానకి పడిపోయి, నీళ్లలో నాని, కంకులు మొలకలెత్తాయి. చేతికి వచ్చింది తిండికీ పశువులకీ సరిపోయింది. ఇక ఉన్నది మినుము. మా వైపు వరి కొయ్యకముందే చేలో మినుములు చల్లేస్తారు, వరి కోసేసరికి కింద మొక్క మొలిచి ఉంటుంది. దున్నేది లేదు, తడి పెట్టేది లేదు. ఆ రెండెకరాల మినుమే ఆ ఏటికి వాళ్ల సంసారం.

ఆ మినుము మీద అడవిపందులు పడ్డాయి. మురుగుకాలవ గట్టున జమ్ములో ఉంటాయి, చీకటి పడగానే వచ్చి ముట్టెలతో కుళ్లగించి పోతాయి. అంతకు ముందువారం ఒక మూలంతా దున్నేసి పోయాయట. అందుకని బావ చేను చుట్టూ కర్రలు పాతి మా అక్క పాత చీరలు కట్టాడు. పసుపు, ఆకుపచ్చ, పెళ్లినాటి ఊదారంగు చీర కూడా ఉంది. చీరలు గాలికి ఊగుతుంటే మనుషులున్నారనుకుని పందులు జంకుతాయి. చాలదన్నట్టు గట్ల మీద వెదురు గడలకి ఎండతో ఛార్జి అయ్యే లైట్లు పెట్టాడు. పొద్దు గూకగానే వాటంతటవే వెలిగి, తెల్లారేదాకా టపటపా కొట్టుకుంటూ ఉంటాయి.

కళ్లంలో స్టాండు దించి, చేను వంక చూసి, నేను నీరుకారిపోయాను. గుడివాడ ఫంక్షన్ హాలే నయం, అది కనీసం కళ్లు ఆర్పదు.

"బావా, ఒక్క రెండు గంటలు ఆ లైట్లు..."

"లైట్లు ఆర్పడం తప్ప ఏదైనా అడుగు," అన్నాడు బావ. "కోడిని కొయ్యమను, కోస్తా. నా మంచం ఇమ్మను, ఇస్తా."

మా అక్క కళ్లం పక్కనే ఉన్న ఇంటి గడప దగ్గర నుంచే అందుకుంది. "ఒరేయ్, నీకు నక్షత్రాలు రేపు కూడా ఉంటాయిరా. మాకు ఈ మినుము పోతే మళ్లీ వరి దాకా ఏమీ లేదు. నవ్వులాట కాదు ఇది."

నేను నవ్వులాటకి అడగలేదు, కానీ నా మొహం పుట్టుకతోనే అలా ఉంటుంది, ఎవరూ నమ్మరు. రాత్రి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. దడి సందుల్లోంచి ఆ లైట్లు గోడ మీద పడి కొట్టుకుంటున్నాయి. లైటు నాలుగు వైపులా పోతోంది. పంది వచ్చేది బయటి నుంచి. లోపలికి, పైకి పోయే వెలుగు ఎవడికీ అక్కర్లేదు. దాన్ని వెనక నుంచి మూస్తే సరి. దేంతో మూయాలి? గుండ్రంగా, గుంటగా, గట్టిగా, గడకి బిగించడానికి క్లాంపుతో సహా ఉన్న వస్తువేదైనా... నాకు నవ్వొచ్చి మంచం మీద లేచి కూర్చున్నాను.

పొద్దున్నే గుడివాడకి ఫోను చేసి, షెడ్డులో డిష్‌లు ట్రక్కు ఆటోలో వేయించమన్నాను.

"ఏవండీ," అంది మా ఆవిడ. "గెలాక్సీలో కూడా కనెక్షన్లు ఇస్తున్నారా?"

మధ్యాహ్నానికి ఆటో వచ్చింది. ఒక్కో లైటు వెనక ఒక్కో డిష్, మొహం బయటికి పెట్టి, కొంచెం నేలకి వంచి బిగించాను. బావ గట్టు మీద గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. పొద్దు గూకింది, లైట్లు వెలిగాయి. చేను లోపలంతా చీకటి. బయటకి మాత్రం వెలుగు మునుపటికన్నా గట్టిగా, టార్చిలైటులాగా పోతోంది. నాకు గర్వంగా ఉంది. బావకి లేదు.

"ముందు చుట్టూతా వెలుగుండేది. ఇప్పుడు ఈ లైటుకీ ఆ లైటుకీ మధ్య సందు చీకటిగా ఉంది," అన్నాడు. "పంది సందు వెతుక్కునే వస్తుంది. నీకు తెలియదు."

నిజమే. డిష్‌ని పక్కకి తిప్పితే సందు తగ్గుతుంది గానీ ఎంత తిప్పాలో లోపల నుంచి నాకు కనపడదు. బయట నిలబడి ఎవరైనా చెప్పాలి. నా పనిలో ఎప్పుడూ అంతే, ఒకడు డాబా మీద, ఇంకొకడు కింద టీవీ దగ్గర.

"బావా, నువ్వు అవతల గట్టు మీద నుంచి నడుచుకుంటూ రా. లైటు కంట్లో కొడితే కొట్టిందను."

నడిచాడు. "కొట్టింది... కొట్టింది... ఇక్కడ లేదు..."

"నిలబడితే ఎలా? పంది కళ్లు నీ మోకాళ్ల దగ్గరుంటాయి. వంగు."

"నేనెందుకు వంగాలి? నువ్వు వంగు."

"నేను వంగితే డిష్ ఎవరు తిప్పుతారు?"

బావ కాసేపు ఆలోచించాడు. తరవాత నిజంగానే చేతులూ మోకాళ్లూ నేలకి ఆనించి జమ్ము వైపు నుంచి బయలుదేరాడు. ఆరడుగుల మనిషి, లుంగీ, బుర్ర మీద మఫ్లరు. అన్నాలకి పిలవడానికొచ్చిన మా అక్క గట్టు మీద ఆగిపోయింది.

"ఏవండీ! ఏంటండీ ఆ పాకడం?"

"పందినే," అన్నాడు బావ సీరియస్‌గా. "ఇక్కడ సిగ్నల్ లేదురా, ఎడమకి తిప్పు."

"కనీసం ఆ లుంగీ ఎగ్గట్టుకోండి, కొత్తది!"

అలా సందు సందుకీ పాకి, నేను బోల్టు వదిలి తిప్పి మళ్లీ బిగించి, చీకట్లన్నీ పూడ్చాం. ఒక్క ఉత్తరం మూల దగ్గర గడ ఒరిగిపోయి సరిగ్గా కుదరలేదు. ఆ మూల తను చూసుకుంటానన్నాడు బావ. పెద్ద టార్చిలైటు తెచ్చుకుని, కళ్లంలో నా పక్కన నులకమంచం వేసుకుని కూర్చున్నాడు. నేను అడిగింది ఒకటే: ఫోటో నడుస్తుండగా టార్చి వెయ్యాల్సి వస్తే ముందు నాకు చెప్పాలి. బావ అడిగింది ఒకటే: తను పాకిన సంగతి తలుచుకుని నేను గట్టిగా నవ్వకూడదు.

ఉత్తరానికి తిరిగి నిలబడ్డాను. ఇంతకాలం వీపు చూపించినవాళ్ల ఇంటికి మొదటిసారి వెళ్లినట్టు మొహమాటంగా ఉంది. మన వైపు ధ్రువ నక్షత్రం చాలా కిందుగా ఉంటుంది, చెయ్యి చాచి చూస్తే చేల మీద జానెడెత్తు. గుడివాడలో అది ఏదో ఒక ఇంటి నీళ్ల ట్యాంకు వెనకే ఉండిపోయింది. ఇక్కడ అడ్డం లేదు. చుక్కలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి గనక స్టాండుని దానికి గురిపెట్టి, గొట్టాన్ని పడమటి వైపు ఎత్తులో ఉన్న ఆండ్రోమెడా మీదకి తిప్పాను. మనకి పక్క గెలాక్సీ అది. పక్క అంటే మా అక్కకీ పక్కింటావిడకీ ఉన్నంత దూరం కాదులెండి, మాట వరసకి.

కెమెరా ఒక్కో ఫోటోకి కొన్ని నిమిషాలు కన్ను తెరిచి ఉంచుతుంది. ఫోనులోని యాప్ వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతుంది. మొదటి ఫోటోలో మచ్చలాంటిది కనపడింది. బావ పెదవి విరిచాడు. రెండోది, మూడోది పడ్డాయి. పాలు మరిగి చల్లారుతుంటే మీగడ కట్టినట్టు, మెల్లగా మధ్యలో తెల్లగా, దాని చుట్టూ పల్చగా, కోలగా తేలడం మొదలుపెట్టింది. బావ మంచం మీద నుంచి ముందుకి వంగాడు.

"ఇది ఇప్పుడే పడుతోందా? ఎక్కడిదో తెచ్చి చూపిస్తున్నావా?"

"ఇప్పుడే బావా. మన కళ్లం మీదదే."

"అందులో మనుషులుంటారంటావా?"

"ఉంటే వాళ్లకీ పందులుంటాయి."

ఆ జోకు ఆయనకి రేపు మధ్యాహ్నానికి అందుతుందనుకున్నాను గానీ, మొదటిసారి వెంటనే ముక్కుతో నవ్వాడు. గెలాక్సీ చుట్టూ నల్లటి చార ఒకటి, దారం పరిచినట్టు విడివడుతోంది. ఇంకో అరగంట ఇలాగే సాగితే సుడి తిరిగిన చేతులు విప్పుకుని కనపడుతుంది, వీడియోలో ఆయన చూపించినట్టు.

అప్పుడు ఉత్తరం మూల నుంచి చీర సరసరలాడింది. గాలి లేదు. మళ్లీ ఒకసారి, ఈసారి గుర్రుమన్న చప్పుడు కూడా.

బావ చెయ్యి టార్చి మీదకి వెళ్లింది, ఆగింది. చీకట్లో నా వైపు తిరిగాడు. నాకు ఆయన మొహం కనపడలేదు, ఊపిరి వినపడింది. తన చేను, తన మినుము, పంది లోపలికి ఒక్క దూకు దూకితే తెల్లారేసరికి ఇంకో మూల పోతుంది. అయినా మాటిచ్చాడు గనక, గుసగుసగా అడుగుతున్నాడు, "ఏరా... వెయ్యనా?"

"అడుగుతావేంటి బావా, వెయ్యి!"

అరిచాను కూడా. టార్చి వెలుగు కళ్లం మీదుగా, నా గొట్టం మీదుగా, చేను దాటి ఆ మూలకి పోయింది. ఊదారంగు చీర వెనక ఒక పెద్ద తల, దాని కింద రెండు కళ్లు, వెనక చిన్న చిన్న వీపులు. బావ గొంతెత్తి కేక వేశాడు. నేను చేతికి దొరికిన బ్యాటరీ డబ్బా మూత తీసి దానిమీద స్పానరుతో దబదబా బాదాను. జమ్ములోకి పరుగెత్తిన చప్పుడు, నీళ్లలో పడిన చప్పుడు, తరవాత ఏమీ లేదు. బావ పరుగెత్తుకెళ్లి మూలంతా వెతికి వచ్చాడు. లోపల అడుగు పడలేదు.

ఫోను చూస్తే, ఆ ఒక్క ఫోటో తెల్లగా సున్నం కొట్టినట్టుంది. దాన్ని పక్కన పడేశానని యాప్ తనే చెప్పింది. ముందు పేర్చినవి ఉన్నాయి. నేను కెమెరాని ఆపేసి, స్పానరు తీసుకుని, బావతో కలిసి ఆ ఒరిగిన గడ దగ్గరకి వెళ్లాను. గడ తిన్నగా పాతి, డిష్ తిప్పి బిగించేసరికి ఆండ్రోమెడా పడమటికి దిగిపోయి, పొగమంచులో మసకబారింది. అందిన వరకే ఫోటో. చేతులు పూర్తిగా విప్పుకోలేదు, భుజాల దాకా వచ్చింది.

పొద్దున్న బావ చేను చుట్టూ తిరిగాడు. నేనూ వెనకే. బయట గట్టు మీద గిట్టల గుర్తులు చీరల దాకా వచ్చి, ఒక చోట తచ్చాడి, వెనక్కి తిరిగాయి. లోపల ఒక్క మొక్క కూడా పెకలలేదు. మా అక్క పోపు వేస్తూ ఫోను చూసి, "చక్కగా ఉందిరా, కొంచెం ఉప్మాలాగా గింజగింజగా ఉంది," అంది. నిజమే, ఫోటోలో ఇంకా గరుకు పోలేదు. రెండో రాత్రి కూడా తీసి పేరిస్తే నునుపొస్తుంది.

నేను అడగలేదు. బావే పళ్లు తోముకుంటూ, "ఇవాళ కూడా పెట్టుకో," అన్నాడు. "డిష్‌లు ఉంచెయ్యి. పంట చేతికొచ్చేదాకా నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు రా."

ఆ సాయంత్రం స్టాండు పెట్టి, ధ్రువుణ్ణి పట్టుకుని, గొట్టం తిప్పేసరికి మంచు దిగింది. దిగడమంటే అలా ఇలా కాదు. తడిగుడ్డ కప్పినట్టు దిగింది. అద్దం తుడిస్తే మళ్లీ చెమ్మ, మళ్లీ తుడిస్తే మళ్లీ చెమ్మ. ఒక్కో చుక్కా ఆరిపోయింది. గట్ల మీద లైట్లు మాత్రం తెల్లటి మంచులోకి తమ దారిన తాము కొట్టుకుంటున్నాయి.

"పాపం, నీ పని పాడయ్యింది కదరా," అన్నాడు బావ. గొంతులో జాలి ఉంది గానీ, లాంతరు వెలుగులో మొహం చూస్తే పెళ్లికొడుకులాగా ఉంది. తడి పెట్టని మినుముకి పైనుంచి దొరికే నీళ్లు ఈ మంచే. పూత మీదున్న చేనుకి ఇలాంటి రాత్రులు నాలుగు పడితే చాలని ఆయనెన్నాళ్లుగానో చూస్తున్నాడు. నా ముందు సంతోషపడటానికి మొహమాటపడుతున్నాడు.

"నవ్వు బావా, నవ్వు. నాకేం పర్లేదు."

"నిజంగా?"

"నిజంగానే. గెలాక్సీ ఎక్కడికీ పోదు. అక్కే అంది కదా."

అప్పుడు నవ్వాడు. లేచి గట్టు దిగి, వంగి మినుము ఆకుల మీద అరచెయ్యి అటూ ఇటూ రాసి, తెచ్చి నాకు చూపించాడు. చెయ్యంతా నీళ్లు, వేళ్ల చివర్ల నుంచి కారుతున్నాయి. తుడుచుకోవడానికి ఏదైనా ఇమ్మన్నాడు. నా దగ్గర పొడిగా మిగిలింది అద్దం తుడిచే మెత్తటి గుడ్డ ఒక్కటే. ఇచ్చేశాను. గొట్టానికి మూత పెట్టి, మంచం మీద బావ పక్కన జరిగి కూర్చున్నాను.